మాళిగలో నేత

తిరువళ్ళిక్కేణి, చెన్నపట్నం
9-4-1942

అక్కకు ముకుందం నమస్కరించి రాసేది.

అంతా క్షేమమని రాద్దామంటే చేయి రావడం లేదక్కా. పట్నం ఖాళీ అయిపోతున్నది. మా వీధిలో పద్నాలుగు ఇళ్ళుంటే పదకొండింటికి తాళాలు పడ్డాయి. జపాను వాళ్ళు ఇవాళ బాంబు వేస్తారు, రేపు వేస్తారు అని ఒకటే గోల. మా కచేరీలో సగం దస్త్రాలను పెట్టెలకెత్తి చిత్తూరుకు తరలించేశారు. దస్త్రాలకున్న విలువ గుమాస్తాలకు లేదు కాబోలు, నన్ను మాత్రం ఇక్కడే ఉండమన్నారు.

పెరుందేవినీ పాప పంకజాక్షినీ సోమవారం రైలుకు నీ దగ్గరికి పంపుతున్నాను. పెరుందేవి వంటింటి పద్ధతులు నీకు తెలిసినవే, నీ కోపం ఆమెకు తెలిసిందే. వదినా మరదళ్ళు ఇద్దరూ కాస్త సర్దుకోండి.

ఇక అసలు సంగతి, మన ఇంటి నేలమాళిగ. తాత దాన్ని ఎందుకు తవ్వించాడో గానీ, నాయన పోయినప్పటి నుంచి అందులోకి ఎవరైనా దిగారా? వారం రోజులుగా నాకు అదే ధ్యాస. దాన్ని వెంటనే బాగు చేయించు. సర్కారు వాళ్ళు పంచిన కాగితంలో అంతా వివరంగా ఉంది. మెట్ల మొదట్లో ఇసుక బస్తాలు వేయాలట, లోపల కుండతో నీళ్ళుండాలట, చెవుల్లోకి దూది, పళ్ళ మధ్యకు రబ్బరు ముక్క. రబ్బరు ముక్కలు మూడు పెరుందేవి చేతికిచ్చి పంపుతున్నాను. నీది నల్లది.

గండం గడిచిన తరువాత కూడా ఆ చోటును ఊరికే వదలకూడదు. ఇంటి కింద ఇంకో ఇల్లు పెట్టుకుని వాడుకోనివాళ్ళం మనమే అయి ఉంటాము.

నీ తమ్ముడు
ముకుందం

తిరుపతి
18-4-1942

చిరంజీవి ముకుందానికి వకుళక్క ఆశీస్సులు.

నీ వాళ్ళిద్దరూ చేరినారు. పెట్టెలు మూడు, బుట్టలు రెండు, రబ్బరు ముక్కలు మూడు కూడా చేరినాయి. నల్ల ముక్కతో పంకజాక్షి నోటుపుస్తకంలో తప్పులు చెరుపుకుంటున్నది. బాంబు పడినప్పుడు తిరిగి ఇస్తానన్నది.

మాళిగను బాగు చేయించినాను. మెట్లు పదకొండు. అడుగున దొరికినవి కాలు విరిగిన ఉయ్యాల బల్ల ఒకటి, పనిమనిషి తీసిందని నాయన ఊరంతా చెప్పుకున్న ఇత్తడి చెంబు ఒకటి, తేళ్ళు రెండు. చిన్నప్పుడు నేను నిన్ను నమ్మించిన బంగారపు బిందె మాత్రం లేదు. ఆ పనిమనిషి ఇప్పుడు ఏ ఊళ్ళో ఉందో, పాపం, ఆమెకు చెప్పి రావాలని ఉంది.

బాంబు మాటేమో గానీ ఎండ మాత్రం నిజంగానే పడుతున్నది. బడికి సెలవులు ఇచ్చినారు. మధ్యాహ్నం అన్నాలు కాగానే అందరం చాపలు చంకన పెట్టుకుని కిందికి దిగుతున్నాము. చల్లగా ఉంది ముకుందా, ప్రాణం లేచి వస్తుంది. నీ భార్య గురక పెడుతుందని ఇన్నేళ్ళూ నువ్వు మాతో చెప్పనేలేదు.

పక్క వీధి నుంచి సుందరరాజు పెదనాయన వచ్చి చూసినాడు. "పైన దేవుడి గది, కింద ఆడోళ్ళు కాళ్ళు సాపుకోని పండుకుంటే ఏం బాగుంటాదమ్మా?" అని మొహం చిట్లించినాడు. "బాంబు పడితే నువ్వు యాడికి పోతావు పెదనాయనా?" అని అడిగితే, "నేనూ ఈడికే వస్తా. కానీ కూర్చోనుంటా" అన్నాడు.

ఒక మాట గుర్తుంచుకో. ఇంటి సంగతులు కార్డు మీద రాయబాకు. టపా తెచ్చే తిరుమలయ్య కార్డు ఇవ్వకముందే విషయం చెప్పేస్తాడు. మొన్న "మీ తమ్మునికి జలుబు తగ్గిందంట తల్లీ" అని సంతోషంగా చెప్పి, ఆ తరువాత నీ కార్డు చేతికిచ్చినాడు.

అక్క
వకుళాదేవి

తిరువళ్ళిక్కేణి
6-7-1942

అక్కకు ముకుందం నమస్కారాలు.

పెరుందేవి, పంకజాక్షి తిరిగి ఇల్లు చేరారు. తాళాలు పడిన ఇళ్ళన్నీ మళ్ళీ తెరుచుకుంటున్నాయి. బాంబు రాలేదు. పంకజాక్షి మాత్రం మధ్యాహ్నం కాగానే "మాళిగ యాడుంది?" అని ఏడుస్తున్నది. మూడు నెలల్లో దాని మాట పూర్తిగా మీ మాట అయిపోయింది.

మాళిగ ఇప్పుడు శుభ్రంగా, ఖాళీగా ఉంది కదా. బాగా ఆలోచించాను. చింతపండు నిలవ చేయవచ్చు, చల్లదనానికి నల్లబడదు. లేదంటే మామిడికాయలు గడ్డిలో వేసి మగ్గబెట్టవచ్చు. చిత్తూరుకు పంపిన మా దస్త్రాలకు చెదలు పట్టాయట, పైవాళ్ళతో మాట్లాడి వాటిని మన మాళిగలో పెట్టిస్తే నాకు మంచి పేరు వస్తుంది. తమలపాకులు కూడా వారం దాకా వాడకుండా ఉంటాయని మా హెడ్డు గుమాస్తా అన్నాడు. వీటిలో ఏది చేస్తావో నీ ఇష్టం, ఏదో ఒకటి చెయ్యి.

ఇంకొకటి జాగ్రత్తగా విను. నా బావమరిది సుదర్శనం నీకు తెలుసు కదా, పెరుందేవి అన్న. హైస్కూల్లో లెక్కలు చెప్పే మేష్టరు లెక్కలు చెప్పుకోక, ఖద్దరు కట్టి సభల్లో తిరుగుతున్నాడు. మొన్న భోజనానికి వచ్చి, విస్తరి ముందు కూర్చుని నన్ను "దొరల గుమాస్తా" అన్నాడు. నేను లేచి వెళ్ళిపోయాను. వాడు తిరుపతి వస్తే నువ్వు గుమ్మంలోనే మాట్లాడి పంపేయి. ఇల్లు నా పేరున ఉంది, నా ఉద్యోగం సర్కారుది.

తమ్ముడు
ముకుందం

తిరుపతి
10-8-1942

చిరంజీవి ముకుందానికి దీవెనలతో అక్క రాసేది.

నీ ఆలోచనలన్నీ ఒక్కొక్కటే చూసినాను. చింతపండు పెడితే చీమలు, మామిడికాయలు పెడితే ఎలుకలు, దస్త్రాలు పెడితే నువ్వు. తమలపాకుల సంగతి మీ హెడ్డు గుమాస్తా ఇంట్లోనే చేసుకోమను.

నాకు వేరే ఆలోచన ఉంది. నగరి మునిరత్నమ్మ నీకు జ్ఞాపకం ఉంటుంది. పదేళ్ళుగా నెత్తిన మూట పెట్టుకుని వచ్చి మన ఇంట్లో తువ్వాళ్ళు, చీరలు అమ్మి పోతుందే, ఆమె. మగ్గం ఆమెదే, నేసేదీ ఆమే. మొగుడు శాంతయ్య రంగూనుకు పోయినాడు. జపాను వాళ్ళు ఆ ఊరు పట్టుకున్నప్పటి నుంచి కబురు లేదు. ఉన్నాడో లేడో తెలియదు. మరుదులు మాత్రం లేడనే తేల్చేసి, ఇల్లు పంచుకుని, ఆమె మగ్గాన్ని ఊడదీసి పశువుల కొట్టంలో పారేసినారు.

మొన్న వచ్చినప్పుడు ఎండకు తాళలేక కూలబడితే మాళిగలో కూర్చోమన్నాను. కూర్చోలేదు. గోడలంతా తడుముతూ తిరిగింది. "అయ్యోరమ్మా, ఈడ సెమ్మ ఉండాది. ఇట్లాంటి తావులో పోగు తెగదు. ఎండకాలంలో కూడా నేయొచ్చు" అన్నది. అడగలేదు, ఊరికే అన్నది. మళ్ళీ మూట ఎత్తుకుని "పోయొస్తా" అన్నది. యాడికి పోతావమ్మా అంటే, నెత్తి మీది మూట సర్దుకుంది.

తావు లేకపోవడమంటే ఏమిటో నాకు తెలుసు ముకుందా. పదహారో ఏట మొగుణ్ణి పోగొట్టుకుని, అత్తవారు పొమ్మంటే, ఒక రేకు పెట్టెతో మన గుమ్మం ముందు నిలబడినాను. నువ్వు అప్పుడు పసివాడివి. నాయన ఏమీ అడగలేదు. తలుపు తీసినాడు. ఆ తరువాతనే నన్ను చదివించి, బడి పంతులమ్మను చేసినాడు.

మాళిగను ఆమె నేతకు ఇద్దామనుకుంటున్నాను. పెరటి వైపు తలుపు ఉంది కాబట్టి మన వంటింటితో ఆమెకు పని లేదు. ఒక బండ పైకెత్తి మగ్గానికి గుంత తీయాలి, కాళ్ళు అందులో పెట్టి తొక్కుతారు కదా. పైన దేవుడి గది, కింద మగ్గమా అని వీధి వీధంతా మూతి విరుస్తుంది. పెదనాయన సంగతి చెప్పనే అక్కర లేదు. అందుకని కొన్నాళ్ళు గుట్టుగా ఉంచుతాను.

ఇల్లు నీ పేరున ఉంది కనుక నిన్ను అడుగుతున్నాను. పదిరోజులు చూస్తాను. జవాబు రాకపోతే సరేనన్నావని అనుకుంటాను.

అక్క
వకుళ

[కార్డు]

తిరుపతి
21-8-1942

చి. ముకుందానికి ఆశీస్సులు. నీ జవాబు రాలేదు కనుక, ఉత్తరంలో రాసినట్టే మాళిగ నేతకు ఇచ్చినాను. నగరి నుంచి రావడం, దిగడం అంతా పెరటి దారిన ఎవరి కంటా పడకుండా జరిగిపోయింది. చప్పుడు వీధికి వినపడకుండా తలుపు వేసే ఉంచుతున్నాను. భోజనం నేనే చూస్తున్నాను. నలుగురికీ తెలిస్తే గొడవ, నువ్వు కూడా నోరు జారబాకు. కార్డు కాబట్టి ఇంతకంటే రాయను. వకుళ.

తిరువళ్ళిక్కేణి
25-8-1942

అక్కకు.

నీ కార్డు అందింది. అంతకు ముందు ఏదో ఉత్తరం రాశానన్నావు, అది అందలేదు. ఎక్కడెక్కడో పట్టాలు పీకేశారట, తీగలు తెంపేశారట, టపా సరిగా రావడం లేదు. ఆ ఉత్తరం ఎవరి చేతుల్లో పడిందో ఏమో.

అక్కా, నీకు మతి ఉండే చేశావా? రోజూ పత్రిక విప్పితే నేతల నిర్బంధం అన్న మాట తప్ప ఇంకొకటి లేదు. ఇట్లాంటి రోజుల్లో నువ్వు మన మాళిగలో... పేరు రాయను, నువ్వు కూడా రాయకు. పైగా కార్డు మీద! తిరుమలయ్య చదివే ఉంటాడు. ఇక్కడ ఉత్తరాలు విప్పి చూస్తున్నారని చెప్పుకుంటున్నారు.

పోయిన వారం మా కచేరీలో అందరి చేతా ఒక కాగితం మీద సంతకాలు తీసుకున్నారు. "మా ఇంట్లో గానీ, మా బంధువుల్లో గానీ ఈ గొడవలతో సంబంధం ఉన్నవారెవరూ లేరు" అని. నేను సంతకం చేశాను. ఇప్పుడు నా గతి ఏమిటి?

ఎంత గొప్ప మనిషైనా సరే, తక్షణం పంపించేయి. ఎక్కడికని నన్ను అడగకు. నీకు పుణ్యం ఉంటుంది.

ముకుందం

తిరుపతి
30-8-1942

ముకుందానికి అక్క ఆశీర్వాదం.

నీ ఉత్తరం మూడు సార్లు చదివినాను. నా తమ్ముడే రాసినాడా అని దస్తూరీ కూడా చూసుకున్నాను. ముందటి ఉత్తరం అందకపోతే ఏమి, మాళిగ నేతకు ఇచ్చినానని కార్డులోనే ఉంది కదా.

ఎంత గొప్ప మనిషైనా అని ఎత్తిపొడిచినావు. గొప్ప మనిషి కాదు నాయనా, దిక్కులేని మనిషి. పేరు కూడా రాయకూడనంత పాపం ఏం చేసింది ఆమె? పొద్దున లేస్తే తన పని తనది. నీ పాటికి నువ్వు పట్నంలో కూర్చుని, మనిషి మొహం చూడకుండా వెళ్ళగొట్టమంటున్నావు. సర్కారు వాళ్ళు ఇట్లాంటి వాటికి కూడా సంతకాలు తీసుకుంటున్నారా? వాళ్ళకెందుకు ఈ మడి?

ఒక్కసారి వచ్చి చూస్తే నువ్వే మెచ్చుకుంటావు. నేను కూడా బడి వదలగానే గంటసేపు కిందికి దిగి చేయి కలుపుతున్నాను. మొదట్లో చేతకాలేదు, ఇప్పుడు కొంచెం పట్టుబడింది. మొన్న పక్కింటి వసంతమ్మకు తెలిసిపోయింది. ఆమె కూడా నేర్చుకుంటానంటున్నది. ఆమె చెల్లెలు కూడా వస్తుందట. నా వయసుకు ఇంత ఉత్సాహం వస్తుందని నేనే అనుకోలేదు.

నేను పంపను. ఇదే నా జవాబు.

వకుళాదేవి

తిరువళ్ళిక్కేణి
4-9-1942

అక్కకు.

ఆడమనిషా! ఆ మాట చదవగానే పోయి వీధి తలుపు గడియ పెట్టి వచ్చాను. అందులోనూ నువ్వు చేయి కలిపావు, వసంతమ్మను కలిపావు, వసంతమ్మ చెల్లెలు కూడానా? మన ఇంటి కింద ఒక దళాన్నే తయారు చేస్తున్నావు కదక్కా! బడిలో నీ ఉద్యోగం, ఇక్కడ నా ఉద్యోగం, పంకజాక్షి బతుకు, ఏదీ నీకు పట్టలేదు.

నా మీద కోపం వస్తే రానీ. సుందరరాజు పెదనాయనకు ఉత్తరం రాశాను. మాళిగ రెండు తలుపులకూ తాళం వేయమన్నాను. లోపల ఎవరూ లేని వేళ చూసి వేయమన్నాను, కారణం అడగవద్దన్నాను. తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుంది. నేను చెప్పేవరకు తీయడు.

ఇది నీ క్షేమం కోరే చేశాను.

ముకుందం

తిరుపతి
11-9-1942

ముకుందానికి.

నీ పెదనాయన నీ మాట తు.చ. తప్పకుండా నెరవేర్చినాడు. సోమవారం నేను బడిలో ఉన్నాను. మునిరత్నమ్మ గంజికి నీళ్ళు తేవడానికి బావికి పోయింది. తిరిగి వచ్చేసరికి రెండు తలుపులకూ రెండు తాళాలు. నేను వచ్చేటప్పటికి కడవ పక్కన పెట్టుకుని పెరటి మెట్ల మీద కూర్చోనుంది. "అయ్యోరమ్మా, మగ్గం మీద సగం సీర ఉండాది. గంజి పెట్టిన పడుగు. గాలి తగలకపోతే బూజు పడతాది. తాళం ఎప్పుడు తీస్తారు?" అని అడిగింది.

పెదనాయన దగ్గరికి పోయినాను. పోయి కాళ్ళు పట్టుకున్నంత పని చేసినాను. "మీ తమ్ముడు సెప్పేదాకా తీసేది లేదు. ఎందుకని అడగొద్దన్నాడు, నేను అడగలేదు" అన్నాడు. ఆయనకు ఇంతకంటే సంతోషమైన పని ఈ మధ్య ఎవరూ చెప్పలేదు.

ఒక్క మగ్గానికి రెండు తాళాలా ముకుందా? నలుగురూ కట్టుకునే బట్ట నేసే మనిషి మన ఇంటి కింద కూర్చుంటే నీ ఉద్యోగం ఎట్లా పోతుంది? నీ ఒంటి మీది పంచె ఎవరు నేసినారు, మీ దొర నేసినాడా? నీకింత మడి ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియడం లేదు. నాయనకు లేదు. నాకు లేదు.

మునిరత్నమ్మ నా వసారాలో పడుకుంటున్నది. వీధికి తెలిసిపోయింది. తెలియనీ. నువ్వు మాత్రం నాకు ఉత్తరాలు రాయవద్దు.

వకుళాదేవి

తిరువళ్ళిక్కేణి
14-9-1942

అక్కకు తలవంచుకుని ముకుందం రాసేది.

మగ్గమా?

అక్కా, నీ మీద ఒట్టు, నాకు తెలియదు. నీ కార్డులో "మాళిగ నేతకు ఇచ్చినాను" అని ఉంది. నేను నేత అంటే నాయకుడనుకున్నాను. పోలీసులు వెతికే ఏ కాంగ్రెసు పెద్దనో నువ్వు దాచావనుకున్నాను. "చప్పుడు వినపడకుండా" అంటే కరపత్రాలు అచ్చువేసే మిషను అనుకున్నాను. చేయి కలిపానంటే నువ్వు కూడా ఆ గొడవలో దిగావనుకున్నాను. వసంతమ్మ సంగతి అడగకు, ఆమె జెండా పట్టుకుని మన వీధిలో నడుస్తున్నట్టు నాకు కల కూడా వచ్చింది.

ఆగస్టు పదో తేదీన నువ్వు రాసిన ఉత్తరం నిన్న వచ్చింది. ముప్పై నాలుగు రోజులు ఎక్కడ తిరిగిందో, నాలుగు ముద్రలున్నాయి. మునిరత్నమ్మ పేరు, శాంతయ్య పేరు, మగ్గం గుంత, అంతా ఉంది. నాయన నీకు తలుపు తీసిన సంగతి కూడా ఉంది. అది నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదక్కా. నువ్వు మొదటి నుంచీ మన ఇంట్లోనే ఉన్నావని అనుకుంటూ పెరిగాను.

పెరుందేవికి చదివి వినిపించాను. మొదట నవ్వు ఆపుకోలేకపోయింది. తరువాత మునిరత్నమ్మ మెట్ల మీద కూర్చున్న చోట కన్నీళ్ళు పెట్టుకుంది. అప్పటి నుంచి నాతో మాట్లాడటం లేదు.

తాళాలు తీయమని పెదనాయనకు తంతి ఇచ్చాను. మునిరత్నమ్మకు నా తరఫున ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు. నువ్వే చెప్పు. నా తప్పు మన్నించు.

ముకుందం

తిరుపతి
22-9-1942

చిరంజీవి ముకుందానికి అక్క ఆశీస్సులు.

రాయవద్దన్నా రాసినావు, మంచి పని చేసినావు. నీ ఉత్తరం చదివి నేను నవ్విన నవ్వుకు వసంతమ్మ గోడ మీదుగా తొంగి చూసింది. నేనా, నాయకుణ్ణి దాచడమా! అంత పెద్దమనిషికి ఆ పదకొండు మెట్లు దిగే ఓపిక ఉండాలి కదరా.

తాళాలు తీసినారు. లోపల మాత్రం నవ్వే పని లేదు. గంజి వాసనకు ఎలుకలు పడుగంతా కొరికేసినాయి, నేసిన భాగానికి బూజు పట్టింది. ఒక్క మూర కూడా పనికి రాదు. ఈ రోజుల్లో నూలు దొరకడమే గగనం, ఉన్నదంతా ఆ మగ్గం మీదనే ఉండేది. మునిరత్నమ్మ తెగిన పోగులన్నీ ఏరి ఉండ చుట్టుకుంటూ కూర్చుంది. నువ్వు పొరపడినావని చెప్పినాను. నేత అంటే పెద్ద నాయకుడని కూడా ఒక అర్థం ఉందమ్మా అని విడమరిచి చెప్పినాను. చేతిలోని ఉండ పక్కన పెట్టి, "అట్లైతే ఆయప్ప పాపం ఇంకా పెద్ద కష్టంలో ఉండేటోడు కదమ్మా. ఆయనకైతే అసలు తావే ఉండదు" అన్నది.

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నవ్వు రావడం లేదు. ముకుందా, నువ్వు మగ్గాన్ని వెళ్ళగొట్టలేదు, పొరపాటున జరిగింది, ఒప్పుకున్నాను. కానీ నిజంగానే ఒక నేత మన మాళిగలో తలదాచుకుని ఉంటే నువ్వు ఏం చేసి ఉండేవాడివి? జవాబు రాయనక్కర లేదు. నీ రెండు ఉత్తరాలూ నా పెట్టెలోనే ఉన్నాయి.

పంకజాక్షికి ముద్దులు. దాని రబ్బరు ముక్క ఇక్కడే మరిచిపోయింది.

అక్క
వకుళ

చెన్నపట్నం
8-11-1942

అక్కకు ముకుందం నమస్కారాలు.

ఈ ఉత్తరం తిరుమలయ్య చేతికి రాదు. తెచ్చిన మనిషి నీ ఎదురుగానే నిలబడి ఉంటాడు. గడ్డం పెంచాడు, కళ్ళజోడు తీసేశాడు కాబట్టి గుర్తు పట్టడానికి కొంచెంసేపు పడుతుంది. పెరుందేవి అన్న సుదర్శనం. విస్తరి ముందు నన్ను దొరల గుమాస్తా అన్నవాడే.

కరపత్రాల సంగతిలో వాడి తోటివాళ్ళు నలుగురూ దొరికిపోయారు. వాడు దొరకలేదు. నాలుగు రోజుల క్రితం మా తలుపు తట్టాడు. అక్కా, నిజం రాస్తున్నాను, తలుపు సగం తెరిచి అట్లాగే నిలబడ్డాను. వాడు లోపలికి రాలేదు, నన్ను ఏమీ అడగనూ లేదు. "చెల్లెల్ని ఒకసారి చూసి పోతాను" అన్నాడు అంతే. అప్పుడు నువ్వు రాసిన మాట జ్ఞాపకం వచ్చింది. నాయన ఏమీ అడగలేదు, తలుపు తీసినాడు. రెండో తలుపు కూడా తీశాను.

మూడు రోజులు అటక మీద పడుకున్నాడు. ఈ మధ్యలోనే కచేరీలో మళ్ళీ ఆ కాగితం పెట్టారు. మళ్ళీ సంతకం చేశాను. మొదటిసారి నిజం మీద సంతకం చేసి, అబద్ధమయిందేమోనని మూడు వారాలు వణికాను. ఈసారి అబద్ధం మీదనే చేశాను. సిరా ఆరేదాకా చూసి కాగితం తిరిగి ఇచ్చేశాను.

ఇక్కడ ఇక దాచలేను. పాడైన పడుగుకు బదులుగా మునిరత్నమ్మకు నూలు పంపుతున్నాను, సుదర్శనం భుజాన ఉన్న మూట అదే. దాని కోసం పెరుందేవి ఎన్ని దుకాణాలు తిరిగిందో నేను చెబితే నమ్మవు. నువ్వు అడిగిన దానికి జవాబు రాయనక్కర లేదన్నావు. ఇదే నా జవాబు. మాళిగలో ఇంకో నేతకు తావుంటుందా అక్కా?

ఏమీ అడగకుండా తలుపు తియ్యి. ఇది చదివి పొయ్యిలో వేసెయ్యి.

నీ తమ్ముడు
ముకుందం

[కార్డు]

తిరుపతి
13-11-1942

చి. ముకుందానికి ఆశీస్సులు. నూలు క్షేమంగా చేరింది. దారిలో కొంచెం నలిగింది, తెగలేదు. మునిరత్నమ్మ చూసి "ఇది గట్టి పోగు అయ్యోరమ్మా, నేను సూసుకుంటా" అన్నది. కండెలు చుట్టడానికి ఒక మనిషి తోడు దొరికినాడు, నగరి నుంచి వచ్చిన ఆమె అన్న. ఆయనకు లెక్కలు బాగా వస్తాయి, పోగులు తప్పు లేకుండా లెక్కపెడుతున్నాడు. పెదనాయన తన దగ్గరున్న రెండు తాళాలూ నాకే ఇచ్చేసినాడు. వాటిని లోపలి వైపు వేయించినాను.

ఇక మీద ఎవరికీ ఏమీ దాచవద్దు. కచేరీలో అడిగినా, వీధిలో అడిగినా నిజమే చెప్పు. మా అక్క మాళిగను నేతకు ఇచ్చింది అని చెప్పు. ఇంతవరకు రాసింది తిరుమలయ్య నా భుజం మీదుగా చదివినాడు. చదివి, "మంచి పని సేసినావు తల్లీ" అని తనకు కూడా ఒక తువ్వాలు నేయించమన్నాడు. వకుళ.